నిమ్మపండుకూ మేడకూ మధ్య

1972 వేసవిలో ఇంగ్లండులోని వేక్‌ఫీల్డ్ పట్టణంలో ఒక దివాలా విచారణ మొదలయింది. దివాలా విచారణలంటే విలేఖరులకు సాధారణంగా ఆసక్తి ఉండదు. అప్పులెంత, ఆస్తులెంత, రుణదాతలకు చివరికి దక్కేదెంత అన్న లెక్కలు తప్ప అక్కడ వినదగినది ఏముంటుంది? కాని ఈ విచారణ మొదలయిన కొద్ది వారాలలోనే బ్రిటిష్ హోంమంత్రి రాజీనామా చేయవలసి వచ్చింది. రెండేళ్ళు తిరిగేలోగా నగరపాలక నాయకులూ, ఉన్నతాధికారులూ జైళ్ళకు వెళ్ళారు. దేశంలోని స్థానిక సంస్థల ఉద్యోగులందరూ కానుకల విషయంలో ఎలా నడుచుకోవాలో చెప్పడానికి ప్రధానమంత్రి ఒక సంఘాన్ని నియమించవలసి వచ్చింది.

దివాలా తీసిన పెద్దమనిషి పేరు జాన్ పౌల్సన్. వృత్తి భవన నిర్మాణ శిల్పం. పాంటిఫ్రాక్ట్ అనే చిన్న ఊళ్ళో, పరీక్షలు పూర్తి చేయకుండానే, 1932లో సొంత కార్యాలయం తెరిచాడు. 1960ల నాటికి ఐరోపాలోని అతి పెద్ద నిర్మాణ సంస్థలలో ఒకదానికి అధిపతి అయ్యాడు. యుద్ధానంతర ఇంగ్లండులో మురికివాడలు కూల్చి ఇళ్ళు కట్టే పని, పాఠశాలలు, ఈతకొలనులు, ఆసుపత్రులు, పట్టణ కేంద్రాలు - ఇవన్నీ ముమ్మరంగా సాగుతున్న రోజులవి. డబ్బు ప్రభుత్వానిది, పని ఎవరికివ్వాలో నిర్ణయించేది మాత్రం పురపాలక సంఘాలు, ఆసుపత్రి బోర్డులు, రైల్వే అధికారులు. పౌల్సన్ ప్రతిభ ఇటుకల కంటే ఆ మనుషుల విషయంలోనే ఎక్కువగా వికసించింది.

ఆయనకు ఒక అలవాటు ఉన్నది. కాగితం పారవేయడు. ఎవరికి ఏమిచ్చాడో, ఎందుకిచ్చాడో, వాళ్ళు ఎలా కృతజ్ఞతలు చెప్పారో, ప్రతి ఉత్తరానికీ నకలు దాచుకున్నాడు. నేరస్థుడు తన నేరానికి తానే ఇంత శ్రద్ధగా దస్తావేజులు కూర్చుకోవడం అరుదు. దానికి కారణం ఒకటే కనిపిస్తుంది: తాను చేస్తున్నది నేరమని ఆయన అనుకోలేదు. స్నేహితులకు స్నేహితుడు చేసే మర్యాద అనుకున్నాడు. విచారణలో ప్రశ్నలు వేసిన న్యాయవాది మ్యూర్ హంటర్ ఆ కాగితాలను ఒక్కొక్కటిగా బయటికి తీస్తూ ఉంటే, మర్యాద అనే మాటకు బ్రిటనులో అప్పటివరకూ ఉన్న అర్థం మారిపోయింది.

జార్జి పాటింజర్ కథ వీటిలో ముఖ్యమైనది. ఆయన స్కాట్లండు ప్రభుత్వ శాఖలో అత్యున్నత స్థాయి అధికారి. ఏవీమోర్ అనే కొండప్రాంతంలో పెద్ద విహారకేంద్రం నిర్మించే పథకం ఆయన పర్యవేక్షణలో సాగింది. దాని నిర్మాణశిల్పి పౌల్సన్. పాటింజర్‌కు పౌల్సన్ దుస్తులు కుట్టించాడు, కారు కొనిచ్చాడు, విహారయాత్రలకు ఖర్చు పెట్టాడు. చివరికి మ్యూర్‌ఫీల్డ్ అనే ప్రఖ్యాత గోల్ఫ్ మైదానం కనబడేలా ఒక ఇల్లే కట్టించి ఇచ్చాడు. ఇవన్నీ ఒక్కసారిగా ఇచ్చి ఉంటే పాటింజర్ బహుశా ఉలిక్కిపడి ఉండేవాడు. కోటు తీసుకున్నవాడికి కారు మరీ అంత వింతగా తోచదు. కారు తీసుకున్నవాడికి ఇల్లు స్నేహానికి సహజమైన కొనసాగింపుగా కనిపిస్తుంది. 1974 ఫిబ్రవరిలో లీడ్స్ న్యాయస్థానం ఇద్దరికీ చెరి అయిదేళ్ళ శిక్ష వేసింది.

న్యూకాసిల్ నగరపాలక సంఘానికి 1960 నుంచి 1965 దాకా నాయకుడైన టి. డాన్ స్మిత్ దారి వేరు. ఆయన ప్రచార సంస్థలు నడిపేవాడు. పౌల్సన్ నుంచి ఆ సంస్థలకు సొమ్ము చేరేది. అవి వివిధ పట్టణాల కౌన్సిలర్లను ‘సలహాదారులు’గా పెట్టుకునేవి. సలహా ఏమిటయ్యా అంటే, మీ ఊళ్ళో పని వచ్చినప్పుడు పౌల్సన్ పేరు జ్ఞాపకం పెట్టుకోవడం. చేతికి చేయి తగలదు. జీతం, రశీదు, ఆదాయపు పన్ను లెక్క - అన్నీ ఉన్నాయి. 1974లో నేరం ఒప్పుకున్న స్మిత్‌కు ఆరేళ్ళ శిక్ష పడింది.

ఇక హోంమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ విషయం. ఆయన ప్రతిపక్షంలో ఉన్న కాలంలో పౌల్సన్ కంపెనీ ఒకదానికి అధ్యక్షుడుగా ఉన్నాడు, జీతం తీసుకోలేదు. దానికి బదులు, ఆయన భార్య ఎంతో మక్కువతో పెంచుతున్న ఒక నాటకశాల ధర్మనిధికి ఏటా 5,000 పౌండ్లు ఇస్తానని పౌల్సన్ ఒప్పందం రాసిచ్చాడు. మాడ్లింగ్‌పై ఏ నేరారోపణా జరగలేదు. దర్యాప్తు జరపవలసిన లండను పోలీసు శాఖ తన చేతిక్రింద ఉన్నందువల్ల పదవిలో ఉండరాదని 1972 జులైలో ఆయన తప్పుకున్నాడు. సొమ్ము ఆయన జేబులోకి రాలేదు, కళకు వెళ్ళింది. నేటి భాషలో దీన్ని స్పాన్సర్‌షిప్ అంటారు. కానుకను నియంత్రించడం కంటే దీన్ని నియంత్రించడం చాలా కష్టమని ఆ తరువాతి చరిత్ర చెబుతున్నది.

చట్టం లేక ఇదంతా జరిగిందని అనుకోరాదు. స్థానిక సంస్థల ఉద్యోగుల లంచగొండితనాన్ని శిక్షించే చట్టం బ్రిటనులో 1889 నుంచీ ఉన్నది. ప్రభుత్వంతో కాంట్రాక్టు ఉన్నవాడు ఉద్యోగికి ఏదైనా ఇస్తే అది అవినీతి కానుకేనని మొదట అనుకోవాలనీ, కాదని నిరూపించుకునే భారం నిందితుడిదేననీ 1916లో మరో చట్టం చేశారు. పౌల్సన్ ఉదంతం నడుస్తున్న ఏడే, 1972లో వచ్చిన స్థానిక ప్రభుత్వ చట్టం తన 117వ సెక్షనులో, న్యాయంగా రావలసిన జీతం తప్ప ఏ ప్రతిఫలమూ పదవి పేరిట పుచ్చుకోరాదని ఉద్యోగులను ఆదేశించింది. లోపించినది చట్టం కాదు. ఉద్యోగి బల్ల మీదికి ఒక కానుక వచ్చిన క్షణంలో అతనికి చేయిపట్టి దారి చూపే నియమం లోపించింది. రెడ్‌క్లిఫ్-మాడ్ అధ్యక్షతన ప్రధానమంత్రి వేసిన సంఘం 1974లో నివేదిక ఇవ్వగా, మరుసటి ఏడు కౌన్సిలర్లకు జాతీయ ప్రవర్తనా నియమావళి వెలువడింది. వ్యక్తిగతంగా వచ్చే కానుకనూ, ఉపకారాన్నీ, విందునూ అత్యంత జాగరూకతతో చూడమని అది చెప్పింది.

మన దేశానికి ఈ చర్చ కొత్తది కాదు. నిజం చెప్పాలంటే ఇంగ్లండుకే ఈ పాఠం మొదట మన గడ్డ మీదనే తలకెక్కింది. 1757లో ప్లాసీ యుద్ధం ముగిశాక మీర్ జాఫరు నుంచి క్లైవు అందుకున్న కానుకల విలువ రెండు లక్షల పౌండ్లు దాటింది. ఆయన్ను చూసి కంపెనీ గుమాస్తాలందరికీ నవాబుల మీద ప్రేమ పుట్టింది. లండనులోని డైరెక్టర్లు కంగారుపడి, ప్రతి ఉద్యోగీ ఒక ఒడంబడిక పత్రం మీద సంతకం చేయాలని ఆజ్ఞాపించారు: 4,000 రూపాయలు మించిన కానుక డైరెక్టర్ల అనుమతి లేనిదే పుచ్చుకోరాదు, 1,000 రూపాయలు మించినదానికి కలకత్తా కౌన్సిలు అనుమతి కావాలి. ఈ పత్రాలు 1765 జనవరిలో కలకత్తా చేరాయి. ఫిబ్రవరిలో మీర్ జాఫరు చనిపోయాడు. కొత్త నవాబును గద్దెనెక్కించిన కౌన్సిలు సభ్యులు పత్రాలను ప్రక్కన పెట్టి, కానుకలు పుచ్చుకున్నారు. మే నెలలో తిరిగి వచ్చి వాళ్ళచేత బలవంతంగా సంతకాలు పెట్టించినవాడు ఎవరనుకున్నారు? సాక్షాత్తూ క్లైవే!

1773 నాటి రెగ్యులేటింగ్ చట్టం ఆ ఒడంబడికను శాసనంగా మార్చింది. కంపెనీ అధికారులు స్వదేశ ప్రభువుల నుంచి ఏ కానుకా తీసుకోరాదన్నది. వృత్తి ధర్మంగా రుసుము పుచ్చుకునే న్యాయవాదులకూ, వైద్యులకూ, మతగురువులకూ మాత్రం మినహాయింపు ఇచ్చింది. అయిదేళ్ళకే తెలుగు జిల్లాలు ఈ చట్టం బలమెంతో చూశాయి. 1778లో మద్రాసు గవర్నరుగా వచ్చిన సర్ థామస్ రంబోల్డ్, ఉత్తర సర్కారులకు వెళ్ళి స్వయంగా విచారణ జరపవలసిన సంఘాన్ని రద్దుచేసి, జమీందారులనే మద్రాసుకు రమ్మన్నాడు. అంత దూరం ప్రయాణం చేసి వచ్చిన జమీందారు గవర్నరు దర్శనానికి వట్టి చేతులతో వెళతాడా? రంబోల్డ్ స్వదేశానికి పంపిన సొమ్ము చూసి అక్కడివారికి అనుమానం కలిగింది. 1781లో డైరెక్టర్లు ఆయనను తొలగించారు. పార్లమెంటులో ఆయనపై తెచ్చిన శిక్షా బిల్లు మాత్రం ముగింపుకు రాకుండానే ఆగిపోయింది.

పెద్దల కానుకలను పార్లమెంటు విచారిస్తూ ఉండగా, చిన్నవి యథావిధిగా సాగాయి. ఉత్తరాదిన వాటిని డాలీ అనేవారు: క్రిస్మసుకు దొరగారి బంగళాకు పళ్ళు, మిఠాయిలు, ఎండుద్రాక్షలు నింపి పంపే బుట్ట. దక్షిణాదిన సంవత్సరాదికి అధికారి చేతిలో ఒక నిమ్మపండు ఉంచి నమస్కరించడం ఆచారం. నిమ్మపండుకు వెల ఏపాటిది? అందుకే పాత ప్రవర్తనా నియమాలు పూలనూ, పళ్ళనూ, అల్పమైన వస్తువులనూ నిషేధించలేదు. వీలైనంతవరకు అటువంటివీ రాకుండా చూడమని మాత్రమే ఉద్యోగులకు హితవు చెప్పాయి. ఈ వాక్యం రాసిన గుమాస్తా ఎవరో లోకం తెలిసినవాడు. నిమ్మపండును కాదంటే మనిషి నొచ్చుకుంటాడు. ఔనంటే వచ్చే ఏడు దానితోపాటు బుట్ట వస్తుంది.

1860 నాటి భారత శిక్షాస్మృతి ఇంకొక మెట్టు పైకి వెళ్ళింది. దాని 165వ సెక్షను కానుక పేరు పెట్టుకోని కానుకలను పట్టుకున్నది. అక్కడ ఇచ్చిన ఉదాహరణలు చిన్న కథల్లా ఉంటాయి. ఒక కలెక్టరు ఒకాయన ఇల్లు అద్దెకు తీసుకుంటాడు. ఆ ఇంటాయన బందోబస్తు వ్యవహారం కలెక్టరు ముందే నడుస్తూ ఉంటుంది. నిజానికి నెలకు 200 రూపాయలు పలికే ఇల్లు 50కి కుదురుతుంది. ఇంకొకచోట ఒక న్యాయమూర్తి, తన కోర్టులో దావా ఉన్న మనిషి దగ్గర, బజారులో ఎక్కువ ధర పలుకుతున్న ప్రభుత్వ పత్రాలను తక్కువకు కొంటాడు. అద్దె కట్టాడు, ధర చెల్లించాడు. అయినా నేరమే. గోల్ఫ్ మైదానం ప్రక్కన ఇల్లు కట్టడానికి వందేళ్ళ ముందే ఆ ఇంటి పటాన్ని ఈ సెక్షను రాసినవారు ఊహించినట్లు అనిపిస్తుంది.

నేడు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించే నియమాలు 1964 నాటివి. అవినీతి నిరోధంపై సంతానం సంఘం నివేదిక ఇచ్చినదీ, కేంద్ర నిఘా సంఘం ఏర్పడినదీ ఆ ఏడే. రాష్ట్రాలకు తమ సొంత నియమావళులు ఉన్నాయి; పంచాయతీల, పురపాలక సంఘాల ఉద్యోగులు వాటి కిందికి గాని, వాటి పోలికలో తయారైన నియమాల కిందికి గాని వస్తారు. కాబట్టి కేంద్ర నియమాన్ని నమూనాగా చూడవచ్చు. దాని 13వ నియమం ప్రకారం కానుక అంటే వస్తువు మాత్రమే కాదు. ఉచిత ప్రయాణం, బస, భోజనం, మరే సేవ అయినా, ఆర్థిక లాభమైనా కానుకే. ఎప్పుడైనా ఒక పూట భోజనం, దారిలో కారులో ఎక్కించుకోవడం వంటివి కానుకలు కావు. అయితే తనతో అధికార వ్యవహారం ఉన్న వ్యక్తి నుంచి గాని, సంస్థ నుంచి గాని ఆడంబరమైన విందులూ, మాటిమాటికీ విందులూ స్వీకరించరాదు. ‘మాటిమాటికీ’ అన్న ఆ ఒక్క మాటలో పాటింజర్ కథ మొత్తం ఉన్నది.

పెళ్ళిళ్ళు, వార్షికోత్సవాలు, కర్మకాండలు, మతసంబంధమైన వేడుకలు - ఇటువంటి సందర్భాలలో ఆచారం ప్రకారం దగ్గరి బంధువుల నుంచీ, అధికార వ్యవహారం లేని స్నేహితుల నుంచీ కానుకలు తీసుకోవచ్చును. విలువ గ్రూప్-ఎ అధికారికి 25,000, గ్రూప్-బి అధికారికి 15,000, గ్రూప్-సి ఉద్యోగికి 7,500 రూపాయలు మించితే ప్రభుత్వానికి తెలియజేయాలి. ఇతరుల నుంచి అయితే, 2019 సవరణ తరువాత, ఎ, బి వర్గాలకు 5,000, సి వర్గానికి 2,000 రూపాయలు మించినదేదీ అనుమతి లేనిదే పుచ్చుకోరాదు. హోదా పెరిగితే నిగ్రహం పెరగాలి గదా, హద్దు ఎందుకు పెరగాలని ఎవరైనా అడిగితే, చిన్న జీతగాడికి చిన్న కానుకే పెద్దదన్న సమాధానం తప్ప మరొకటి దొరకదు. న్యూయార్క్ నగరం ఈ లెక్కను ఇంకో విధంగా కట్టింది. నగరంతో వ్యాపారం చేసే సంస్థ ఒకటి పన్నెండు నెలల్లో ఒక ఉద్యోగికి ఇచ్చిన కానుకలన్నీ కూడితే 50 డాలర్లకు చేరకూడదు. కోటు, కారు, ఇల్లు అనే వరుస అక్కడ కోటు దగ్గరే ఆగిపోతుంది.

పెళ్ళి కానుకల విషయంలో తెలుగువారికి నియమావళి కంటే పాత ఏర్పాటు ఒకటి ఉన్నది. మన పల్లెల్లో చదివింపుల వేళ ఒకరు పుస్తకం పట్టుకుని కూర్చుంటారు. ఎవరు ఎంత చదివించారో రాసుకుని, పేరూ మొత్తమూ పందిట్లో అందరికీ వినిపించేలా చదువుతారు. చదివింపులన్న పేరే అందువల్ల వచ్చింది. కరణంగారి కూతురు పెళ్ళికి ఏ రైతు ఎంత చదివించాడో ఊరందరికీ తెలిసేది. తరువాత ఏ పొలం కొలత మారినా ఆ లెక్క ఊరి మనసులో ఉండేది. నియమావళి ప్రకారం ఉద్యోగి ఇచ్చే నివేదిక మాత్రం దస్త్రంలోకి వెళుతుంది, పందిట్లోకి కాదు.

13వ నియమానికి అటూ ఇటూ ఉన్నవాటిని జనం అంతగా పట్టించుకోరు. 12వ నియమం, అనుమతి లేకుండా ఏ కార్యానికైనా చందాలు అడగరాదంటుంది, స్వీకరించరాదంటుంది. 14వ నియమం సన్మానాలకు సంబంధించినది: తన గౌరవార్థం సన్మానపత్రాలు, సభలు ఒప్పుకోరాదు, బదిలీ అయినప్పుడో, పదవీ విరమణ చేసినప్పుడో సాదాసీదాగా, ఇంటివాళ్ళ మధ్య జరిగినట్లు జరిగే వీడ్కోలు విందుకు అభ్యంతరం లేదు. పై అధికారికి విందు చేయడానికి క్రింది తరగతుల ఉద్యోగుల నుంచి ఏ పరిస్థితుల్లోనూ చందాలు వసూలు చేయరాదని కూడా అందులోనే ఉన్నది. ఇది ఎంతో దయగల నిబంధన. ఆఫీసరుగారి ఉంగరానికి తన వంతు రాయించుకుని, ఆ నెల పాలవాడికి బాకీ పడిన బంట్రోతును దృష్టిలో ఉంచుకుని రాసినది. అది ఎంతమందికి తెలుసునో వీడ్కోలు సభల ఫోటోలు చూస్తే తెలుస్తుంది.

కార్యాలయ వార్షికోత్సవానికి షామియానా, భోజనాలు కాంట్రాక్టరువి. కొత్త సంవత్సరానికి డైరీలు సిమెంటు వ్యాపారివి. క్రీడల పోటీకి కప్పు, టోపీలు, బనియన్లు ఇంకెవరివో. వీటిలో ఏదీ ఏ ఒక్క ఉద్యోగి ఇంటికీ చేరదు. అందువల్లనే ఇవి సులభంగా జరిగిపోతాయి. అయితే మరుసటి వారం ఆ కాంట్రాక్టరు బిల్లు కొలతపుస్తకంతో సరిపోలకపోతే, భోజనం చేసిన ఇంజనీరు కలం కొంచెం తడబడుతుంది. నాటకశాల, షామియానా ఒకే జాతివి.

సొమ్ము జేబులోకి రాకున్నా వ్యవహారం వ్యవహారమేనని మన దేశంలో గట్టిగా వెల్లడయిన సందర్భం 1982 జనవరిలో వచ్చింది. మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఎ. ఆర్. అంతూలే స్థాపించిన ధర్మసంస్థకు చేరిన విరాళాలకూ, అప్పట్లో కొరతగా ఉన్న సిమెంటు కేటాయింపులకూ సంబంధం ఉన్నదని బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి లెంటిన్ తీర్పు చెప్పారు. ముఖ్యమంత్రి రాజీనామా చేశారు. ఆ తరువాత నేరవిచారణ ఏళ్ళ తరబడి సుప్రీంకోర్టు గడప ఎక్కుతూ దిగుతూ నడిచింది. ఎవరి విరాళమైనా మంచి పనికే అన్న వాదానికి మాత్రం ఆ రోజు నుంచీ మునుపటి ధీమా పోయింది.

చేతికి చిక్కిన లంచం సంగతి వేరు. నోట్లకు ఫినాల్ఫ్తలీన్ పొడి రాసి ఇస్తారు. పుచ్చుకున్నవాడి వేళ్ళు సోడియం కార్బొనేటు ద్రవంలో ముంచితే నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతాయి. వారానికి ఒకటి రెండైనా ఈ వార్తలు పత్రికల్లో వస్తాయి. వాటిలో పట్టుబడేవారు ఎక్కువగా సర్వేయరు, పంచాయతీ కార్యదర్శి, పురపాలక సంఘంలో పన్ను వసూలుదారు. దీపావళి మిఠాయి పెట్టెకూ, సింగపూరు ప్రయాణానికీ ఆ రంగు రాదు. 2025 సెప్టెంబరులో కేంద్ర ఆర్థిక శాఖలోని వ్యయ విభాగం, ప్రభుత్వ ధనంతో దీపావళి తదితర పండుగ కానుకలు కొనరాదని శాఖలన్నిటికీ ఉత్తర్వు పంపింది. అక్కడ ఇచ్చేవాడు కాంట్రాక్టరు కాదు, సర్కారే! అలవాటు ఎంత లోతుకు దిగిందో ఆ ఉత్తర్వే చెబుతున్నది.

స్థానిక సంస్థ ఉద్యోగి ఏమైనా తక్కువవాడా అంటే చట్టం దృష్టిలో కాదు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం ‘ప్రజాసేవకుడు’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో స్థానిక సంస్థ జీతగాడు స్పష్టంగా ఉన్నాడు. ప్రజలకు రోజూ ఎదురయ్యే ప్రభుత్వమూ అతనే. ఇంటి పటం, నీటి కుళాయి, జనన మరణ ధ్రువపత్రాలు, దుకాణం లైసెన్సు అతని బల్ల మీదనే ఉంటాయి. 1992లో చేసిన 73, 74వ రాజ్యాంగ సవరణల తరువాత ఆ బల్ల మీది కాగితాలు ఇంకా పెరిగాయి.

శిక్షాస్మృతిలోని పాత సెక్షన్లు 1988 చట్టంలోకి మారినప్పుడు కలెక్టరు అద్దె ఇంటి కథ వెంట రాలేదు. 2018లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు ఏడవ సెక్షనులో కొత్త ఉదాహరణ ఒకటి చేరింది. ఈసారి అందులో ఉన్నది కలెక్టరూ కాదు, బంగళా కాదు. ‘ఎస్’ అనే ఉద్యోగి, ‘పి’ అనే మనిషి రేషన్ కార్డు దరఖాస్తును సకాలంలో చూడడానికి 5,000 రూపాయలు అడుగుతాడు. చేయకూడని పని చేయడానికి కాదు, ఎలాగూ చేయవలసిన మామూలు పని చేయడానికి. ‘ఎస్’ నేరస్థుడే. అదే సవరణ ఇచ్చినవాడిని కూడా నేరస్థుడుగా చేసింది. అయితే బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లోగా పోలీసులకు గాని, దర్యాప్తు సంస్థకు గాని తెలియజేస్తే శిక్ష ఉండదు. రేషన్ కార్డు కోసం అప్పు తెచ్చి 5,000 కట్టిన ‘పి’ ఆ వారంలో ఎవరి దగ్గరికి వెళ్ళాలో, వెళితే కార్డు చేతికి వస్తుందో రాదో ఉదాహరణలో లేదు. ఏడు రోజుల లెక్క మాత్రం డబ్బు ఇచ్చిన రోజు నుంచే మొదలవుతుంది.